‘అమ్మను’ అన్న కుర్రాడు: ‘ది చాక్లెట్ వార్’ నవలలో తిరస్కారం, దుఃఖం

20,000 చాక్లెట్ పెట్టెలు. 400 మంది మగపిల్లలు. తలకు 50 పెట్టెలు, పెట్టె రెండు డాలర్లు. అమెరికన్ రచయిత రాబర్ట్ కార్మియర్ 1974లో వెలువరించిన ‘ది చాక్లెట్ వార్’ నవల ఈ లెక్క మీదే నడుస్తుంది. ట్రినిటీ అనే క్యాథలిక్ హైస్కూల్లో అమ్మకాల పద్దు రాసే బ్రయన్ కోక్రన్ ఆఖరున కూడి చూసుకుంటే 19,950 పెట్టెలు అమ్ముడైనట్టు తేలుతుంది. మిగిలినవి సరిగ్గా 50. అవి ఎవరి వాటావో బడంతటికీ తెలుసు. ఆ ఏడే బడిలో చేరిన తొమ్మిదో తరగతి పిల్లవాడు జెర్రీ రెనోవి.

ఆ పెట్టెలు ముట్టనన్నందుకు తోటివాళ్లు జెర్రీని ముందు వింతగా చూస్తారు. కొన్నాళ్లు లోలోపల మెచ్చుకుంటారు. తర్వాత విసుక్కుంటారు, వెలివేస్తారు. చివరకు ఫుట్‌బాల్ మైదానంలో బడి పిల్లలంతా కేకలు వేస్తుండగా చావుదెబ్బలు తినిపిస్తారు. నెత్తురోడుతూ పడి ఉన్న జెర్రీ, ఎదురు తిరగొద్దని, వాళ్లు చెప్పింది చేసుకుపోవడమే మేలని తన స్నేహితుడికి చెప్పాలనుకుంటాడు. నోరు పెగలదు. యువ పాఠకుల కోసం అచ్చైన నవల అంతకుముందు ఇంత చీకట్లో ముగియడం అరుదు.

నవల చదివిన వాళ్లందరినీ పట్టుకునే ప్రశ్న ఒకటుంది: ఇంతకీ జెర్రీ ఎందుకు వద్దన్నాడు? గత యాభై ఏళ్లుగా విమర్శకులు ఎక్కువగా ఆ మాట తర్వాత ఏం జరిగిందన్నదాని మీదే దృష్టి పెట్టారు. బడి చేసిన హింస, ఓటమి, నిరాశ, ఆ నిరాశ పిల్లలకు తగునా తగదా అన్న వాదు. ఆ మాట ఎక్కడి నుంచి పుట్టిందన్నది వెనకబడింది. జెర్రీ తిరస్కారం సిద్ధాంతం కాదు, మొండితనం కూడా కాదు. తల్లి పోయిన పిల్లవాడి దుఃఖానికి దొరికిన మొదటి మాట అని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. దానికి ఆధారం నవల మొదట్లోనే వచ్చి, మళ్లీ కనిపించకుండా పోయే ఒక రిబ్బను.

నవల పుట్టిన భోజనాల బల్ల

కార్మియర్ 1925లో మసాచుసెట్స్ రాష్ట్రంలోని లెమిన్‌స్టర్ అనే చిన్న పారిశ్రామిక పట్టణంలో, ఫ్రెంచ్ కెనడియన్ కార్మిక కుటుంబాలు స్థిరపడ్డ ఫ్రెంచ్ హిల్ పేటలో పుట్టాడు. 2000లో చనిపోయేదాకా ఆ ఊరు వదల్లేదు. రేడియోకి, ఆ చుట్టుపక్కల పట్టణాల దినపత్రికలకు పనిచేస్తూనే కథలు, నవలలు రాశాడు. మొదటి నవల ‘నౌ అండ్ ఎట్ ది అవర్’ 1960లో వచ్చింది. తండ్రి మరణం మిగిల్చిన బాధలోంచి పుట్టిన పుస్తకం అది. అంటే రచయితగా కార్మియర్ తొలి పుస్తకమే సంతాపం. ‘చాక్లెట్ వార్’ చదివేటప్పుడు ఈ సంగతి గుర్తుపెట్టుకోదగ్గది.

నవలకు బీజం ఇంట్లోనే పడింది. హైస్కూల్లో చదివే కొడుకు ఒకరోజు బడి వాళ్లు అమ్మమన్న చాక్లెట్లు మోసుకొచ్చాడు. రాత్రి భోజనాల దగ్గర మాట్లాడుకున్నాక, ఇష్టం లేకపోతే అమ్మనక్కర్లేదని ఇంట్లో తేల్చారు. మర్నాడు ఆ కుర్రాడు పెట్టెలు తిరిగి ఇచ్చేశాడు. ఏమీ జరగలేదు. కానీ కొడుకును ఒంటరిగా అలా బడిలోకి పంపిన తండ్రికి లోపల ఏదో గుచ్చుకుంది. ఒకవేళ ఏదైనా జరిగి ఉంటే? ఆ ‘ఒకవేళ’ను పట్టుకుని రాసుకుంటూ పోతే నవల తయారైంది.

అసలు సంఘటనకూ నవలకూ మధ్య ఒక తేడా ఉంది. భోజనాల బల్ల దగ్గర కూర్చున్న కుర్రాడికి మాట్లాడేందుకు అమ్మానాన్నలున్నారు. వద్దనడానికి కారణం వాళ్ల ముందు చెప్పుకున్నాడు. నవలలోని జెర్రీకి తల్లి లేదు. తండ్రి ఉన్నా మాట లేదు. కారణం కూడా లేదు. కథగా మలిచేటప్పుడు కార్మియర్ తీసేసినవి ఈ మూడూ.

రాతప్రతి చాలామంది ప్రచురణకర్తల దగ్గర తిరిగింది. ముగింపు మారిస్తే చూద్దామన్నవాళ్లున్నారు. కార్మియర్ మార్చనన్నాడు. చివరికి పాంథియన్ సంస్థ ఉన్నదున్నట్టుగా వేసింది. ఇది పిల్లల పుస్తకమన్న ఊహే అతనికి మొదట లేదు. యువ పాఠకుల జాబితాలో వేస్తే బాగుంటుందని సూచించింది అతని సాహిత్య ఏజెంటు. అలా నలభై తొమ్మిదేళ్ల వయసులో ఆ పత్రికా రచయిత ‘కౌమార నవలాకారుడు’ అయ్యాడు. ఆ పాఠకులతో అతని చుట్టరికం ఎంతదాకా వెళ్లిందంటే, 1977లో వచ్చిన ‘ఐ యామ్ ద చీజ్’ నవలలో ఒక అమ్మాయి ఫోన్ నంబరుగా తన ఇంటి నంబరే వేశాడు. పిల్లలు ఆ నంబరుకు ఫోన్ చేసేవారు. కార్మియర్ ఓపిగ్గా మాట్లాడేవాడు.

పాత దారులు మూడు

ఈ నవల మీద వచ్చిన విమర్శ స్థూలంగా మూడు దారుల్లో నడిచింది.

మొదటిది నైతిక దారి. 1974లోనే లైబ్రేరియన్ల పత్రిక ‘బుక్‌లిస్ట్’లో బెట్సీ హర్న్ సమీక్ష నల్లటి అంచుతో, చావుకబురు మోసే కార్డులాగా అచ్చయింది. 1980లో నార్మా బాగ్నాల్ ఈ నవల వాస్తవికతనే ప్రశ్నించింది. లోకంలోని చెడును మాత్రమే ఏరి చూపిస్తే అది వాస్తవమెలా అవుతుందన్నది ఆమె అభ్యంతరం. ఆ ఏడే బెట్టీ కార్టర్, కారెన్ హ్యారిస్ కలిసి నవలను సమర్థిస్తూ జవాబు రాశారు. ఇరుపక్షాల తగవూ ఒకటే: ఈ పుస్తకం చదివిన పిల్లలకు ఆశ మిగులుతుందా, లేదా?

రెండోది రాజకీయ దారి. నవల వచ్చిన ఏడే వాటర్‌గేట్ కుంభకోణంలో అధ్యక్షుడు నిక్సన్ రాజీనామా చేశాడు. బడి డబ్బుతో దొంగచాటు బేరం చేసి, దాన్ని కప్పిపుచ్చుకోవడానికి పిల్లల ముఠాతో చేతులు కలిపిన తాత్కాలిక ప్రధానోపాధ్యాయుడు బ్రదర్ లియోన్‌లో ఆనాటి పాఠకులకు వాషింగ్టన్ కనిపించిందంటే వింతేమీ లేదు. ఈ దారిని సిద్ధాంతం దాకా తీసుకెళ్లింది రాబర్టా సీలింగర్ ట్రైట్స్. బడి, మతం, కుటుంబం లాంటి వ్యవస్థల అధికారంతో ఎలా వేగాలో నేర్చుకోవడమే కౌమార నవలను పిల్లల కథ నుంచి వేరుచేస్తుందని ఆమె 2000లో వాదించింది. టి.ఎస్. ఎలియట్ కవిత ‘ప్రూఫ్రాక్’లోని ఏ ప్రశ్నను (‘విశ్వాన్ని కలవరపెట్టే ధైర్యం నాకుందా?’) జెర్రీ తన లాకరులో పోస్టరుగా అంటించుకుంటాడో, తన పుస్తకానికి పేరును ఆ ప్రశ్నలోంచే తీసుకుంది.

మూడోది పాఠశాల దారి. పుస్తకాన్ని తరగతిలో చెప్పే ఉపాధ్యాయులు జెర్రీని ‘సమస్యల్లో ఉన్న కుర్రాడు’గా, పిల్లల ముఠాను నడిపించే ఆర్చీని ‘ఏడిపించేవాడు’గా విడగొట్టి చర్చ పెడతారు. బాగానే పనికొచ్చే పద్ధతి. అయితే ఆ మాటల్లో ఒక తిరకాసు ఉంది. ట్రినిటీ దృష్టిలో జెర్రీ సమస్యే. జెర్రీ వైపు నుంచి చూస్తే సమస్య ట్రినిటీ. ‘సమస్యల్లో ఉన్న కుర్రాడు’ అనగానే మనం తెలియకుండానే బడి పక్షాన కూర్చుంటాం.

మూడు దారుల్లోనూ జెర్రీ మాటను ఒక చర్యగానే చూశారు: ఒప్పో తప్పో, తిరుగుబాటో వైఫల్యమో. ఆ మాటను మాటగా చూడడానికి ఇంకో భాష ఒకటి పక్కన పెట్టుకుంటే ఉపయోగం.

తెలుగులో ఆ మాట

ప్రతి ఉదయం బ్రదర్ లియోన్ హాజరు పిలిచినట్టు పేర్లు పిలుస్తాడు. పిల్లలు ఒక్కొక్కరూ ఎన్ని పెట్టెలు అమ్మారో చెబుతారు. మొదటి రోజు పెట్టెలు పంచేటప్పుడు అందరూ ఒప్పుకుంటారు. జెర్రీ ఒక్కడే ‘నో’ అంటాడు. ఇంగ్లిష్‌లో అది ఒకే అక్షరమంత పొడి మాట. ఏం కాదంటున్నాడో, దేన్ని వద్దంటున్నాడో ఆ మాట బయటపెట్టదు.

తెలుగులో అలా దాచుకోవడం కుదరదు. ఉన్నదాన్ని కాదంటే ‘లేదు’. అదేనా అంటే ‘కాదు’. చేతికిచ్చేదాన్ని తోసేస్తే ‘వద్దు’. చేయమన్న పనికి అడ్డం తిరిగితే ఆ క్రియే వ్యతిరేక రూపం ఎత్తి ‘రాను’, ‘చేయను’ అవుతుంది. కాబట్టి ఈ నవలను తెలుగు చేసేవారు ఆ ఒక్క మాట దగ్గర ఆగి, జెర్రీ కాదంటున్నది దేన్నో తేల్చుకోవాలి. ‘వద్దు’ అంటే మర్యాదగా పెట్టెలు తిప్పి పంపినట్టుంటుంది, భోజనంలో పెరుగు వద్దన్నట్టు. ‘లేదు’ అసలు అతకదు. బడి అడిగిన పనికి సూటిగా నిలబడే జవాబు ‘అమ్మను’.

ఆ మాట పైకి ఒకసారి అని చూస్తే రెండో అర్థం వినిపిస్తుంది. అమ్మకం కాదనడం ఒకటి. ద్వితీయా విభక్తిలో ‘అమ్మను’ రెండోది. వాక్యం పూర్తికాక, క్రియ కోసం ఎదురుచూస్తూ గాల్లో నిలిచిపోయిన కర్మపదం. అమ్మను... ఏమిటి? చూశావా, మరిచావా, పోగొట్టుకున్నావా? రామాయణ భారతాలను ఒకే పద్యంలో నడిపిన ‘రాఘవపాండవీయం’ పుట్టిన భాషకు ఇది చాలా చిన్న శ్లేష.

కార్మియర్‌కు తెలుగు రాదు. ఈ శ్లేష కాకతాళీయం; రచయిత ఉద్దేశానికి దీన్ని సాక్ష్యంగా నిలబెట్టలేం. అయితే పొరుగు భాషలోకి తిప్పి చదవడం ఒక్కోసారి సొంత భాషలో కనపడని చోటికి దీపం చూపిస్తుంది. ఈ నవలలో అమ్మకానికీ అమ్మకూ మధ్య ముడి ఏమైనా ఉందా అని వెతికితే, ఇంగ్లిష్ మూలంలోనే ముడి దొరుకుతుంది. అది కూడా అక్షరాలా ముడి వేసిన రిబ్బను రూపంలో.

ఊదా రంగు రిబ్బను

నవల మొదట్లో బ్రదర్ లియోన్, ‘విజిల్స్’ అనే రహస్య ముఠాను నడిపించే విద్యార్థి ఆర్చీ కాస్టెల్లోను తన గదికి పిలిపిస్తాడు. కిందటి ఏడాదికి రెట్టింపు పెట్టెలు, రెట్టింపు ధర అని చెబుతాడు. ఇంత సరుకు ఇంత చవగ్గా ఎలా దొరికిందని ఆర్చీ ఆరా తీస్తే అసలు గుట్టు బయటపడుతుంది. అవి మదర్స్ డే కోసం తయారైన చాక్లెట్లు. ఆ పండగకు అమ్ముడుపోక మిగిలిపోయిన నిల్వ సరుకు. పెట్టెల మీద ‘అమ్మ’ అని రాసి ఉన్న ఊదా రంగు రిబ్బన్లు ఊడదీస్తే చాలు, కొత్తవాటిలా చెల్లిపోతాయి.

అంతే. ఆ రిబ్బన్ల ప్రస్తావన ఒక వాక్యంలో వచ్చి వెళ్లిపోతుంది. ఆర్చీకి అది లియోన్ బలహీనత పట్టిచ్చే సమాచారం. లియోన్‌కు అది కాస్త ఇబ్బందిపెట్టే వ్యాపార వివరం. జెర్రీకి ఈ సంగతి ఎప్పటికీ తెలియదు.

పాఠకుడికి తెలుసు. తల్లి క్యాన్సరుతో పోయి ఎంతో కాలం కాని పిల్లవాడి చేతికి, ‘అమ్మ’ అన్న మాటను ఊడబీకిన పెట్టెలు 50 ఇచ్చి వీధుల్లో అమ్ముకురమ్మంటోంది బడి. ఆ అబ్బాయి అమ్మనంటున్నాడు. నవల ఈ రెండు సంగతులనూ పక్కపక్కన పెట్టి కలపదు. వేర్వేరు అధ్యాయాల్లో వదిలేస్తుంది. కలుపుకోవడం చదివేవాడి పని.

జెర్రీ తిరస్కారం మొదట అతని సొంతం కాదని కూడా గుర్తుంచుకోవాలి. పది రోజుల పాటు చాక్లెట్లు వద్దనమని విజిల్స్ అతనికి పురమాయించిన పని అది. పది రోజులు గడుస్తాయి. ఇక ఒప్పుకుని మామూలుగా బతకొచ్చని జెర్రీ కూడా అనుకుంటాడు. పదకొండో రోజు పేరు పిలవగానే నోట్లోంచి మళ్లీ ‘నో’ వస్తుంది. ఆ క్షణాన్ని కార్మియర్ ప్రళయంలా వర్ణిస్తాడు, నేల చీలినట్టూ చుక్కలు రాలినట్టూ. ఆ రాత్రి పడుకుని జెర్రీ తనను తానే అడుక్కుంటాడు, ఎందుకలా అన్నానని. జవాబు దొరకదు.

పురమాయింపుగా మొదలైన మాట సొంత మాటగా మారిన ఆ సందు దగ్గరే విమర్శ ఎక్కువగా తడబడింది. ధైర్యమందామంటే, ధైర్యవంతుడికి తనేం చేస్తున్నాడో తెలియాలి. మొండితనమందామంటే, జెర్రీకి గెలవాలన్న పట్టు లేదు. దుఃఖం మాత్రం అలాగే ప్రవర్తిస్తుంది. చెప్పాపెట్టకుండా, సంబంధం లేని చోట, సంబంధం లేని వస్తువు మీద బయటపడుతుంది. చావు జరిగిన రోజున రాని ఏడుపు, నెలల తర్వాత ఉతికి మడతపెట్టిన చీర చూసినప్పుడు వస్తుంది.

ఇంట్లో పొడి మాటలు

జెర్రీ తండ్రి మందుల షాపులో ఫార్మసిస్టు. భార్య పోయాక అతను విలపించడు, కోప్పడడు, తాగడు. పనికి వెళ్తాడు, వస్తాడు, కునుకు తీస్తాడు. రోజెలా గడిచిందని కొడుకు అడిగితే బాగానే గడిచిందంటాడు. నిన్న? అదీ బాగానే. తన జీవితంలో అంతకుమించి ఏమైనా ఉందా అని జెర్రీ గుచ్చి అడిగినా ఆ తండ్రి దగ్గర వేరే మాట ఉండదు. ఆ తర్వాత అద్దంలో చూసుకుంటే తన ముఖంలో తండ్రి పోలికలే కనిపించి జెర్రీ బెదిరిపోతాడు.

కథ చీకటి గురించి మాట్లాడేవాళ్లు మైదానంలో పడ్డ దెబ్బలను చూపిస్తారు. ఈ ఇంటి సన్నివేశం అంతకంటే చిక్కని చీకటి. ఇక్కడ ఎవరూ ఎవరినీ కొట్టరు. ఇద్దరు మనుషులు ఒకే చావును మోస్తూ ఒకరికొకరు ‘బాగానే’ అని చెప్పుకుంటారు, అంతే. ఆ ‘బాగానే’కు జెర్రీ కనిపెట్టిన వ్యతిరేకపదమే తరగతిలో అన్న ‘నో’. తండ్రి అన్నింటికీ తల ఊపుతాడు. కొడుకు ఒక్కదానికి అడ్డంగా తల ఊపాడు. చాక్లెట్లు కాకపోతే ఇంకేదో అయ్యుండేది.

లాకరులోని పోస్టరు కూడా ఈ వెలుగులోనే అర్థమవుతుంది. విశాలమైన సముద్రతీరం, ఒంటరిగా నడిచిపోతున్న మనిషి, కింద ఎలియట్ ప్రశ్న. ఆ ప్రశ్న అర్థమేమిటో జెర్రీకి సరిగ్గా తెలియదు, అయినా ఎందుకో కదిలించిందని అంటించుకున్నాడు. పోస్టరు మీది మనిషి తిరుగుబాటుదారు కాదు, ఒంటరివాడు. తర్వాత ఎవరో లాకరు బద్దలు చేసి ఆ పోస్టరు మీద రంగు పులిమేస్తారు, బూట్లు కోసేస్తారు.

చీటీ పట్టుకున్న చేయి

జెర్రీ దుఃఖం ఎవరికీ కనపడకపోవడానికి బడి నిర్మాణమే కారణం. ఆ నిర్మాణాన్ని కార్మియర్ ఒక చిన్న సన్నివేశంలో విప్పి చూపిస్తాడు.

బ్రదర్ లియోన్ తరగతిలో బెయిలీ అనే పిల్లవాడిని ముందుకు పిలుస్తాడు. బాగా చదివేవాడు, ఎప్పుడూ నూటికి నూరు. చేతిలో బోర్డు చూపించే కర్ర తిప్పుతూ లియోన్, తప్పులేని వాడు దేవుడొక్కడే కదా, మరి నీకిన్ని మార్కులు కాపీ కొట్టకుండా ఎలా వచ్చాయని నిలదీస్తాడు. కర్ర కొస బెయిలీ చెంపకు తగులుతుంది. పొరపాటునో కావాలనో తెలియదు. తరగతిలో కొందరు నవ్వుతారు. మిగిలినవాళ్లు చూస్తూ ఉంటారు. నిమిషాలు గడిచాక ఎక్కడో వెనక నుంచి వాణ్ణి వదిలేయమని ఒక గొంతు వినిపిస్తుంది. అప్పుడు లియోన్ ప్లేటు తిప్పేస్తాడు. ఇదంతా పరీక్షట. బెయిలీ నిజానికి కట్టుబడి నిలబడ్డాడు. నోరు మూసుకుని చూసిన మీరే ఈ గదిని నాజీ జర్మనీ చేశారని పిల్లల మీద పడతాడు.

ఈ సన్నివేశంలో అందరికంటే తెలివైన మాట అందరికంటే క్రూరుడి నోట వస్తుంది. చూస్తూ ఊరుకోవడమే నేరమని పాఠం చెప్పినవాడే, ముగింపు రాత్రి మైదానం పక్కన గట్టు మీద నిలబడి జెర్రీ దెబ్బలు తినడం చూస్తూ ఊరుకుంటాడు.

ఆ రాత్రి పోటీ నియమాలను ఆర్చీ తయారుచేస్తాడు. చూడ్డానికి వచ్చినవాళ్లు లక్కీ డ్రా చీటీలు కొనుక్కోవాలి. చీటీ మీద ఎవరు ఎవర్ని, ఎక్కడ, ఏ రకంగా గుద్దాలో రాయాలి. పేరుకు విజిల్స్ నాయకుడైన కార్టర్ ఒక్కో చీటీ తీసి చదువుతాడు. జెర్రీ, అతనితో తలపడే ఎమిల్ జాన్జా ఆ రాతను తుచ తప్పకుండా అమలుచేయాలి, ఎదుటివాడు కాచుకోకూడదు. హింసకు ఇంత తేలికైన యంత్రం ఇంకోటి ఉండదు. కొట్టేది ఒక చేయి, కొట్టమని రాసింది వంద చేతులు, రాసిన చేతులకు నెత్తురంటదు. నియమాలకు విరుద్ధమైన దెబ్బ రాసిన చీటీ ఒకటి రావడంతో యంత్రం పట్టు తప్పుతుంది. జాన్జా ఆపు లేకుండా కొడతాడు. ఆ కొట్లాటలో జెర్రీ కూడా ఒక దెబ్బ గట్టిగా తగిలించి, ఆ తగిలిన సుఖానికి తనలో తానే వణికిపోతాడు. వాళ్లలో ఒకడిగా మారిపోయానని అతనికి అర్థమయ్యేది అప్పుడే.

ఇక్కడ పాఠకుడు ఎక్కడున్నాడు? 39 చిన్న అధ్యాయాల ఈ నవలలో కథనం ఒకరి తలలోంచి ఒకరి తలలోకి దూకుతూ ఉంటుంది. ఆర్చీ, ఓబీ, గూబర్, జాన్జా, కరోనీ, బ్రయన్... జెర్రీ ఆలోచనలు మనకు అందుతాయి గానీ, వాటికంటే అతన్ని బయటినుంచి చూసేవాళ్లే ఎక్కువ. తెలియకుండానే మనకు గ్యాలరీలో సీటు దొరుకుతుంది. పోటీ ఎలా ముగుస్తుందో చూడాలన్న ఆత్రంతో పేజీ తిప్పే చేతికీ చీటీ మీద దెబ్బ పేరు రాసే చేతికీ దూరం అంత ఎక్కువేమీ కాదు. బాగ్నాల్ అడిగిన ఆశ ఈ నవలలో లేకపోవచ్చు. పాఠకుడికి ఒక తెలివిడి మాత్రం ఉంది. రిబ్బను సంగతినీ జెర్రీ దుఃఖాన్నీ కలిపి చూడగల మనిషి ఆ గ్యాలరీలో అతనొక్కడే.

పెద్దల అలమరాలో

నవల మీద ఫిర్యాదులు ఎన్నడూ ఆగలేదు. అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ జాబితాల ప్రకారం 1990ల దశాబ్దంలో బడుల నుంచి, లైబ్రరీల నుంచి తీసేయమని ఎక్కువ ఒత్తిడి వచ్చిన పుస్తకాల్లో ఇది నాలుగోది, తర్వాతి దశాబ్దంలో మూడోది. 2004లో మొదటిది. ఫిర్యాదుల్లో వినిపించేది ఎక్కువగా బూతులు, లైంగిక ప్రస్తావనలు, మతాధికారులను చూపిన తీరు, నిరాశ. అదే సమయంలో లైబ్రేరియన్లు 1991లో మార్గరెట్ ఎడ్వర్డ్స్ పురస్కారాన్ని కార్మియర్‌కు ఇచ్చారు. పేర్కొన్న మూడు నవలల్లో ఇదొకటి. ఫ్లోరిడాలోని బే కౌంటీలో 1986లో ‘ఐ యామ్ ద చీజ్’ మీద మొదలైన గొడవ ఫెడరల్ కోర్టు దాకా వెళ్లింది. 2011లో మేగన్ కాక్స్ గర్డన్ ‘వాల్ స్ట్రీట్ జర్నల్’లో, యువ సాహిత్యం మరీ చీకటిమయమైపోయిందని రాసినప్పుడు వేలమంది పాఠకులు ఎదురు జవాబులిచ్చారు. తమ చీకటి రోజుల్లో ఆ పుస్తకాలే తోడున్నాయన్నది వారి సాక్ష్యం.

ఈ గొడవల్లో ఎవరి నోటా పెద్దగా వినపడని ఫిర్యాదు ఒకటుంది. తల్లిని పోగొట్టుకున్న పిల్లవాడిని ఒక్కరంటే ఒక్క పెద్ద మనిషి కూర్చోబెట్టి మాట్లాడకపోవడం. నవలలో నిజంగా అభ్యంతరకరమైనది అదే.

సినిమా మార్చిన లెక్క

1988లో దర్శకుడు కీత్ గోర్డన్ ఈ నవలను సినిమాగా తీశాడు. ఇలన్ మిచెల్-స్మిత్ జెర్రీగా, జాన్ గ్లోవర్ బ్రదర్ లియోన్‌గా నటించారు. ముగింపు మారింది. మార్పుకు ఉపయోగపడింది విజిల్స్ ముఠా నల్ల పెట్టె. ఆర్చీ ఎవరికైనా పని పురమాయించినప్పుడల్లా, ఆరు గోళీలున్న ఆ పెట్టెలోంచి ఒకటి తీయాలి. అయిదు తెల్లవి, ఒకటి నల్లది. నల్లది వస్తే ఆ పని ఆర్చీయే చేయాలి. నవలలో ఆర్చీకి మైదానం రాత్రి కూడా తెల్ల గోళీయే వస్తుంది. సినిమాలో నల్లది వస్తుంది. జాన్జా స్థానంలో ఆర్చీ బరిలోకి దిగుతాడు, జెర్రీ చేతిలో ఓడిపోతాడు.

సినిమా జెర్రీని ఉత్త విజేతగా వదిలేయలేదు. గెలుపులో కూడా తాను జనం ఆటే ఆడానని అతనికి తెలుస్తుంది. ముఠా కూడా పోదు, పగ్గాలు చేతులు మారతాయంతే. అయినా లెక్క మారింది. నల్ల గోళీ పడ్డాక కథ జెర్రీకీ ఆర్చీకీ మధ్య పోటీగా కుదించుకుపోయింది. ఇద్దరి పోటీలో గెలిచేవాడు ఉంటాడు. పిల్లవాడికీ అతని దుఃఖానికీ మధ్య జరిగేదాంట్లో గెలవడానికి ఎవరూ ఉండరు.

1985లో వచ్చిన రెండో భాగం ‘బియాండ్ ద చాక్లెట్ వార్’ కూడా జెర్రీకి విజయం ఇవ్వలేదు. కెనడాలో బంధువుల దగ్గర కోలుకుని అతను మళ్లీ అదే ఊరు తిరిగొస్తాడు.

గోల్‌పోస్టుల నీడ

మొదటి భాగం రెండో అధ్యాయంలో ఆర్చీ, అతని సహాయకుడు ఓబీ మైదానం గ్యాలరీలో కూర్చుని ఎవరికి ఏ పని అంటగట్టాలో పేర్లు రాసుకుంటుంటారు. కింద జెర్రీ ఫుట్‌బాల్ సాధనలో దెబ్బలు తింటూ లేస్తుంటాడు. జెర్రీకి తల్లి పోయిందన్న సంగతి ఓబీ అక్కడే ప్రస్తావిస్తాడు. అది విన్నాక కూడా ఆర్చీ ఆ పేరు కొట్టేయడు. పొద్దువాలి గోల్‌పోస్టుల నీడలు నేల మీద పడి, ఖాళీ సిలువల వరసలా ఓబీ కంటికి ఆనతాయి.

ఆఖరి అధ్యాయంలో మళ్లీ అదే గ్యాలరీ, అదే ఇద్దరు. జెర్రీని తీసుకెళ్లిపోయారు. ఖాళీ మైదానం మీదుగా ఓబీ గోల్‌పోస్టుల కేసి చూస్తాడు. అవి తనకు ఇంతకుముందు దేన్నో గుర్తుచేశాయని అనిపిస్తుంది. దేన్నో తట్టదు. కాసేపటికి ఆ ఆలోచన వదిలేసి ఆర్చీతో ఏవో కబుర్లలో పడతాడు.

19,950 పెట్టెల రిబ్బన్లు అప్పటికి ఎక్కడున్నాయో నవల చెప్పదు.